నాలుగు తీగలా, ఐదు తీగలా? ముందు మీ గాయకుల శ్రుతి రాసుకోండి

పోయిన నెలలో గుణుపురం నుంచి ఒక తమ్ముడు పర్లాకిమిడిలోని మా ఇంటికి వచ్చాడు. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల కాలంలో మెలొడీ (ఆర్కెస్ట్రా) బృందంతో బేస్ గిటార్ వాయిస్తాడు. ఆరేళ్లుగా అతని చేతిలో ఉన్నది నాలుగు తీగల గిటార్.

"అన్నయ్యా, దీన్ని అమ్మేసి ఐదు తీగలది కొనుక్కోమని అందరూ చెబుతున్నారు. కొనమంటారా?" అన్నాడు.

"మీ బృందంలో ఎవరెవరు ఏ శ్రుతిలో పాడతారు?" అని అడిగాను.

అతను కాసేపు ఆలోచించి, "కీబోర్డు అతను ఏది పెడితే అది" అన్నాడు. ఐదు తీగలది కొనాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. అందుకే అతనికి చెప్పినదంతా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఒడిశాలో బరంపురం, రాయగడ, జయపురం వైపు వాయించే మన తెలుగువాళ్లు చాలామంది ఇదే సందేహంతో ఉన్నారు.

ఐదో తీగ ఇచ్చేది ఎంత?

నాలుగు తీగల గిటార్‌ను కింది స్వరం నుంచి పైకి ఇ, ఎ, డి, జి అని శ్రుతి చేస్తాం. ఐదు తీగల దానిలో సాధారణంగా ఇ కన్నా కింది స్వరం పలికే మరో లావు తీగ, బి, వస్తుంది. వట్టి (ఎక్కడా నొక్కని) ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, వట్టి బి తీగ సుమారు 31 సార్లు. కొత్తగా చేతికి వచ్చే స్వరాలు ఐదే: బి, సి, సి షార్ప్, డి, డి షార్ప్. ఆ పైనున్నవన్నీ మీ పాత గిటార్‌లో ఇప్పటికే ఉన్నాయి.

వీటిని మన లెక్కలోకి మార్చి చూడండి. సి అంటే ఒకటి శ్రుతి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, డి షార్ప్ రెండున్నర, బి ఏడు. మగవాళ్లు ఎక్కువగా పాడేది ఒకటి నుంచి రెండున్నర దాకానే. అంటే నాలుగు తీగల గిటార్‌లో కింది షడ్జమం (స) దొరకని శ్రుతులు సరిగ్గా మన మగ గాయకుల శ్రుతులే. వాళ్లకు వాయిస్తున్నప్పుడు ఎ తీగ మీద మూడో మెట్టు (ఫ్రెట్) నుంచి ఆరో మెట్టు దాకా ఉన్న షడ్జమంతో సరిపెట్టుకోవాలి. దాని కింద ఇంకో షడ్జమం కావాలనిపిస్తే అక్కడ తీగ లేదు. బి తీగ ఉంటే అదే షడ్జమం ఒక స్థాయి కిందన ఒకటో మెట్టు నుంచి నాలుగో మెట్టు లోపల దొరుకుతుంది.

ఆడవాళ్ల విషయం వేరు. సాధారణంగా నాలుగున్నర నుంచి ఆరు దాకా పాడతారు. ఎఫ్ షార్ప్ నుంచి ఎ దాకా ఉన్న ఆ షడ్జమాలు ఇ తీగ మీదే ఉన్నాయి, వాటికి బి తీగ అక్కరలేదు. కానీ షడ్జమం నుంచి దాని కింది పంచమానికి (ప) దిగాలంటే మాత్రం కావాలి. ఉదాహరణకు ఐదు శ్రుతిలో షడ్జమం జి, దాని కింది పంచమం డి. నాలుగు తీగల దానిలో ఆ డి లేదు. ఆరు శ్రుతిలో అయితే ఆ పంచమం వట్టి ఇ తీగే, అది ఎలాగూ ఉంది. నా మట్టుకు కింది పంచమం ఉంటే బాగుంటుంది, లేకపోయినా పాట నడుస్తుంది. కింది షడ్జమం లేని లోటు మాత్రం చెవికి వెంటనే తెలుస్తుంది.

తమ్ముడికి నేను మొదట చెప్పిన పని ఇది: ఒక నోటుబుక్కు పెట్టుకో. నెల రోజులు వాయించిన ప్రతి పాటకీ శ్రుతి రాయి. కిందికి దిగాలని చెయ్యి వెతుక్కున్న చోట ఒక గీత పెట్టు. కీబోర్డు వాయించేవాళ్లు శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి ఒకే వేళ్లతో వాయించేస్తుంటారు కాబట్టి, వాళ్ల వేళ్లను చూసి శ్రుతి రాస్తే తప్పుతుంది. మీ తీగ మీద మీ వేలు ఎక్కడ ఉందో చూసి రాయండి.

నాకు ఐదో తీగ విలువ తెలిసింది మహేంద్రతనయ అవతల, పాతపట్నంలో ఒక పెళ్లి విందులో. గాయకుడిది రెండున్నర శ్రుతి. ఆఖరి చరణంలో డ్రమ్స్ ఆగాయి, కీబోర్డు ఒక్కటే సన్నగా సాగుతోంది. అంతవరకు ఎ తీగ ఆరో మెట్టు మీదున్న నా చెయ్యి బి తీగ నాలుగో మెట్టుకు దిగింది. స్వరం చెవికి అందకముందే వేదిక చెక్కల మీదున్న నా అరికాళ్లకు తెలిసింది. గాయకుడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు, ఆ పంక్తిని మళ్లీ ఒకసారి పాడాడు. ఆ రాత్రి అంతా కలిపి ఆ స్వరం నేను నాలుగుసార్లో ఐదుసార్లో వాడి ఉంటాను. అంతకన్నా ఎక్కువ వాడితే దాని బరువు పోతుంది.

మీ స్పీకర్ డబ్బా ఆ స్వరాన్ని పలుకుతుందా?

పాతపట్నం వేదిక కింద రెండు 18 అంగుళాల బేస్ బాక్సులు ఉన్నాయి. అదే గిటార్‌ను మరుసటి ఆదివారం చర్చిలో 10 అంగుళాల చిన్న యాంప్‌కు తగిలిస్తే అదే స్వరం పలచగా, బురబురమని వచ్చింది. తప్పు గిటార్‌ది కాదు. సెకనుకు 31 కంపనాలను గాలిలోకి గట్టిగా నెట్టడం చిన్న స్పీకర్ వల్ల కాదు. దాని నుంచి మనకు వినిపించేది ఎక్కువగా ఆ స్వరానికి రెట్టింపు, మూడింతలు ఉండే ఉపస్వరాలే. వాటిని బట్టి కింది స్వరాన్ని మన చెవి ఊహించుకుంటుంది. పైగా సౌండ్ చూసేవాళ్లు చాలాచోట్ల 40 కంపనాల కింద ఉన్నదంతా కోసేస్తారు. బాక్సులు కాలిపోకుండా వాళ్లు చేసే పని అది, తప్పు పట్టలేం.

కాబట్టి మీరు వారం వారం వాయించేది చిన్న డబ్బాలోనే అయితే, చేతిలో ఉన్న డబ్బు ముందు స్పీకర్ మీద పెట్టండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మంచి 15 అంగుళాల యాంప్ మీద నాలుగు తీగల గిటార్, చిన్న యాంప్ మీద ఐదు తీగల గిటార్ కన్నా నిండుగా పలుకుతుంది. ఇంకో జాగ్రత్త: మామూలు గిటార్ కోసం చేసిన యాంప్‌కు బేస్ తగిలించి శబ్దం పెంచితే స్పీకర్ చిరిగిపోయే ప్రమాదం ఉంది, బి తీగతో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కరెంటు మోత గురించి కూడా ఒక మాట. ఎర్తింగ్ సరిగా లేని మండపాల్లో గుయ్‌మని వచ్చే మోత 50 కంపనాలది. మన ఇ తీగ మూడో మెట్టు మీది జి స్వరం 49. రెండూ ఆనుకుని ఉండడం వల్ల ఐదు శ్రుతి పాటల్లో షడ్జమం అలలు అలలుగా ఊగుతున్నట్టు వినిపిస్తుంది. తీగను అనుమానించకండి, ప్లగ్గు మార్చి చూడండి.

చేతికి ఏది సుఖం

ఐదో తీగ వల్ల కింది స్వరాలకన్నా పెద్ద లాభం ఒకటుంది, దాన్ని దుకాణాల్లో ఎవరూ చెప్పరు. నాలుగు శ్రుతి పాట తీసుకోండి. షడ్జమం ఎఫ్. నాలుగు తీగల దానిలో అది ఇ తీగ మొదటి మెట్టు దగ్గర ఉంటుంది. తీగ పొడవు 34 అంగుళాలున్న గిటార్‌లో మొదటి గడి (మెట్ల మధ్య చోటు) వెడల్పు సుమారు 48 మిల్లీమీటర్లు, అక్కడ నాలుగు వేళ్లూ చాపి రెండు గంటలు వాయిస్తే ముంజేయి పట్టేస్తుంది. బి తీగ ఉంటే అదే ఎఫ్ ఆరో మెట్టు మీద దొరుకుతుంది. ఆ గడి వెడల్పు 36 మిల్లీమీటర్లే. వేళ్లు ముడుచుకునే ఉంటాయి, చెయ్యి అటూ ఇటూ జారనక్కరలేదు. నా చేతులు చిన్నవి. రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారుజామున ముగిసే కార్యక్రమాల్లో నన్ను కాపాడింది ఈ ఆరో మెట్టే.

దీనికి మీరు చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. నాలుగు తీగల గిటార్ మెడ, పై చివర తీగలు ఆనే నట్ దగ్గర 38 నుంచి 42 మిల్లీమీటర్లు ఉంటే, ఐదు తీగలది 45, ఆ పైన ఉంటుంది. బొటనవేలిని మెడ పైకి వేలాడదీసి వాయించే అలవాటున్నవాళ్లు ఆ అలవాటు మానుకోవాలి. కుడిచేతి వైపు తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర తీగకూ తీగకూ మధ్య దూరం నాలుగు తీగల వాటిలో సాధారణంగా 19 మిల్లీమీటర్లు. ఐదు తీగల ఐబనెజ్ ఎస్ఆర్ 305లో అది 16.5. రెండున్నర మిల్లీమీటర్ల తేడాకే కుడిచేతి వేళ్లు పక్క తీగకు తగులుతుంటాయి. బొటనవేలితో కొట్టి వాయించేవాళ్లు 18, 19 ఉన్నవే వెతుక్కోవాలి. వేళ్లతో మెత్తగా వాయించేవాళ్లకు ఇరుకుగా ఉన్నదే హాయి.

అన్నిటికన్నా కష్టమైనది బి తీగను మౌనంగా ఉంచడం. దాన్ని మీరు మీటకపోయినా డ్రమ్ దెబ్బకు, పక్క తీగ ఊపుకు అదే మోగుతుంది. ఆ మోతను వినేవాళ్లు గుర్తించరు కానీ పాటంతా బురదగా మారుతుంది. దీనికి విరుగుడు కుడిచేతి బొటనవేలే. ఇ తీగ వాయించేటప్పుడు బొటనవేలు బి మీద ఆనించి ఉంచాలి. ఎ మీదికి వెళ్లినప్పుడు బొటనవేలు ఇ మీదికి జరిగి, దాని పక్క భాగం బి ని తాకుతూ ఉండాలి. అలా తీగల వెంటే బొటనవేలు నడవాలి. తీగల కింద ఉండే పికప్ అంచున బొటనవేలు పాతేసి వాయించే అలవాటు బలంగా ఉంటే ఇది కుదరడానికి నాకు పట్టినట్టే మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలల్లో పెద్ద కార్యక్రమం ఒప్పుకోకండి. నేను ఒప్పుకున్నాను. గిటార్ పట్టుకున్నప్పుడు అన్నిటికన్నా పైనున్నది ఇ తీగే అని వేళ్లకు పాతుకుపోయిన లెక్కతో మొదటి పాట మొత్తం ఒక తీగ పక్కకు వాయించాను. ప్రతి స్వరమూ నాలుగో స్వరమంత కిందకు పోయింది. పెళ్లివారి ముందు బృందానికి జరిగిన ఆ అవమానం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఐదు తీగలది కొనకుండానే

కిందికి వెళ్లే దారి ఒక్కటే కాదు. రెండు శ్రుతి పాటలు ఎక్కువ ఉన్నవాళ్లు ఇ తీగను డి కి దింపుకోవచ్చు. బిగువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది, తీగ కాస్త వదులుగా అనిపిస్తుంది, కానీ పలుకుతుంది. మీట లాగితే ఇ నుంచి డి కి, మళ్లీ డి నుంచి ఇ కి మారే డి-ట్యూనర్ అనే మరచెవి దొరుకుతుంది. పాటకూ పాటకూ మధ్య క్షణంలో పని అయిపోతుంది. ఒక్క ఇబ్బంది, ఆ తీగ మీద ప్రతి స్వరమూ రెండు మెట్లు పైకి జరుగుతుంది. నాలుగు రోజుల సాధనతో అది అలవాటవుతుంది.

మరో పద్ధతి, ఉన్న నాలుగు తీగల గిటార్‌కే బి, ఇ, ఎ, డి తీగలు వేసుకోవడం. పై జి తీగ వదులుకోవాలి. ఇ తీగనే బి దాకా దింపేద్దామనుకుంటే కుదరదు, బిగువు దాదాపు సగానికి పడిపోయి తీగ మెట్లకు తగిలి గలగలమంటుంది. ఐదు తీగల సెట్టులోని 125, 130 మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) తీగే వేయాలి. అది పాత నట్ గాడిలో పట్టదు, అరగదీయాలి. అరగదీసిన గాడి మళ్లీ పూడదు. పాత తీగలు వేసుకోవాలంటే కొత్త నట్ పెట్టించాలి. అందుకని ఇంట్లో రెండో గిటార్ ఉన్నవాళ్లకే ఈ పని చెబుతాను. మన వైపు ఈ పని చేతనైనవాళ్లు అరుదు. నేను విశాఖ వెళ్లి చేయించుకున్నాను.

జి తర్వాత ఇంకా పైన సి తీగ వేసి పై స్థాయికి పెంచుకునే ఐదు తీగల పద్ధతి కూడా ఉంది. నిజానికి ఫెండర్ కంపెనీ 1965లో తెచ్చిన మొదటి ఐదు తీగల బేస్ పై సి తీగతోనే వచ్చింది. ఒంటరిగా రాగం వాయించేవాళ్లకు, కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పలికించేవాళ్లకు అది నచ్చుతుంది. చర్చికీ పెళ్లికీ దాని అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

నాలుగు తీగలు తక్కువ అన్న చిన్నచూపు మాత్రం వద్దు. అమెరికా వాద్యకారులు జేమ్స్ జేమర్సన్, జాకో పాస్టోరియస్ బేస్ వాయిద్యానికి దారి వేసింది నాలుగు తీగల మీదే. అంత దూరం ఎందుకు, కొండల కింద మన బొబ్బిలిలో పనసకర్రతో చేసే వీణకు స్వరం పలికే తీగలు నాలుగే, మిగతా మూడూ తాళానికి. ఆ నాలుగూ చాలలేదని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

కొనేటప్పుడు

నిర్ణయం ఐదు తీగల వైపే మొగ్గితే, దుకాణంలో ముందు చూడవలసింది బి తీగ బతికి ఉందా లేదా అని. బి తీగను ఐదో మెట్టు దగ్గర నొక్కి మీటండి, వెంటనే వట్టి ఇ తీగ మీటండి. రెండూ ఒకే స్వరం. బలం, నిలకడ దగ్గరదగ్గరగా ఉంటే మంచిది. బి మీది స్వరం దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంటే ఆ గిటార్‌ను పక్కన పెట్టండి. తీగలు పాతవైతే మాత్రం కొత్తవి వేయించి మళ్లీ వినండి, చచ్చిన తీగతో మంచి గిటార్ కూడా చెడ్డగా వినిపిస్తుంది. తర్వాత బి తీగను పన్నెండో మెట్టు దగ్గర నొక్కి ట్యూనర్‌తో చూడండి, అదే బి ఒక స్థాయి పైన సరిగ్గా చూపించాలి.

తీగ పొడవు 35 అంగుళాలున్నవి కొన్ని ఉంటాయి. ఆ ఒక్క అంగుళం వల్ల బిగువు సుమారు 6 శాతం పెరుగుతుంది, బి తీగ గట్టిపడుతుంది. మొదటి మెట్ల దగ్గర చెయ్యి ఇంకా చాపాల్సి వస్తుంది. చేతులు పొడవైనవాళ్లు తీసుకోవచ్చు. నేను 34కే 130 మందం తీగ వేసి వాడుకుంటున్నాను, చాలింది.

పట్టీ తగిలించుకుని నిలబడి, రెండు చేతులూ వదిలేయండి. మెడ నేల వైపు వాలిపోతే ఆ గిటార్ వద్దు. వాయించినంతసేపూ ఎడమచేతితో మెడను మొయ్యాల్సి వస్తుంది. బరువు నాలుగు కిలోలు దాటితే వెడల్పు పట్టీ తప్పనిసరి.

మన వానాకాలాన్ని లెక్కలో వేసుకోండి. బి తీగ మెడ మీద దాదాపు 15 కిలోల లాగుడు అదనంగా పెడుతుంది. ఆషాఢ శ్రావణాల తేమకు కర్ర ఉబ్బి మెడ వంగినప్పుడు మొదట గలగలలాడేది ఆ తీగే. మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్ మర తేలిగ్గా తిరుగుతుందో లేదో కొనే ముందే చూడండి, సెకండ్ హ్యాండ్ అయితే మరీ ముఖ్యం. నాకు ఒకచోట అమ్మిన పాత గిటార్‌లో ఆ మర తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. రెండు వానాకాలాలు దాన్ని వాయించలేకపోయాను. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలిలో ఉండేవాళ్లు వాయించిన ప్రతిసారీ తీగలు పొడిగుడ్డతో తుడవాలి.

తీగల ఖర్చు కూడా. ఐదు తీగల సెట్టు ధర ఎక్కువ, పైగా పర్లాకిమిడిలో నాకెప్పుడూ దొరకలేదు. ఒక సెట్టు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకుంటాను. ఐదు తీగల గిటార్లలో చాలావాటికి 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వాయించడం అయ్యాక యాంప్ కేబుల్ పిన్ను లాగేయకపోతే అది ఊరికే ఖర్చవుతుంది.

తమ్ముడి నోటుబుక్కు

నెల తర్వాత అతను పుస్తకం తెచ్చి చూపించాడు. మొత్తం ముప్పై ఎనిమిది పాటలు. చర్చి పాటల్లో ఎక్కువ ఐదు, ఆరు శ్రుతులవి. అక్కడ అమ్మాయిల బృందం పాడుతుంది, గీతలు రెండే. పెళ్లి పాటల్లో మాత్రం పదకొండింటికి గీతలున్నాయి. వాటిలో ఏడు రెండు శ్రుతివి.

ఆ ఏడింటినీ డి-ట్యూనర్ ఒక్కటే తీరుస్తుంది. అతనికి చర్చిలో ఉన్నది 10 అంగుళాల డబ్బా. ఇప్పటికి గిటార్ అమ్మవద్దని, డి-ట్యూనర్ బిగించుకుని మిగిలిన డబ్బు యాంప్ కోసం దాచుకోమని చెప్పాను. వాయించేది పూర్తిగా మెలొడీ వేదికల మీదే అయితే, మగ గొంతుల పాటలే ఎక్కువైతే, ఐదు తీగలదే కొనమని చెప్పేవాణ్ణి.

అయినా అతని కళ్లు గోడకు తగిలించిన నా గిటార్ మీదే ఉన్నాయి. మూఢం కదా, నాకు ఈ నెలాఖరు దాకా పెళ్లిళ్లు లేవు. దించి అతని చేతికిచ్చి, మొదటి వారమంతా బి తీగ వాయించవద్దని, దాని మీద బొటనవేలు ఆనించి మిగతా నాలుగు తీగలే వాయించమని చెప్పాను. సంచిలో ఒక కొత్త బ్యాటరీ కూడా వేశాను. గుణుపురం బస్సులో దాన్ని పైన సామాన్ల మీద పెట్టకుండా ఒడిలోనే పెట్టుకుని వెళ్లాడు.